పగలలేదు కదా, ఈ హెల్మెట్ ఇంకా వాడొచ్చా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. బాబుకి 11 ఏళ్లు, పాపకి 7. నాలుగేళ్లుగా చలికాలంలో పెన్సిల్వేనియాలోని పోకోనోస్‌కి స్కీయింగ్‌కి వెళ్తున్నాం. పోయిన శనివారం బాబు గట్టిపడిన మంచు మీద జారి వెల్లకిలా పడ్డాడు. తల వెనుక భాగం గట్టిగా తగిలింది. కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు, తర్వాత మామూలైపోయాడు. హెల్మెట్ మీద చిన్న గీత తప్ప పగులేమీ లేదు. మావారు "120 డాలర్లు పెట్టి కొన్నాం, పగలలేదు కదా, ఎందుకు పారేయడం?" అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. పోనీ బాబుకి కొత్తది కొని, దీన్ని పాప కోసం దాచాలా, లేక ఫిబ్రవరిలో ఫ్రెండ్స్‌తో గుల్మర్గ్ వెళ్తున్న మా తమ్ముడికి హైదరాబాద్ పంపాలా అని ఆలోచిస్తున్నాం. మా ఫ్రెండ్ వాళ్ల అమ్మాయి హెల్మెట్ పాపకి ఇస్తానంటోంది, అది ఎన్నేళ్లదో తెలియదు. అసలు స్కీ హెల్మెట్ ఎప్పుడు మార్చాలి? 3 నుంచి 5 ఏళ్లకోసారి మార్చమని దాంతో వచ్చిన కాగితంలో ఉంది. అది కంపెనీలు అమ్ముకోవడానికి చెప్పే మాటేనా?

సమాధానం: అమ్మా, హెల్మెట్ గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు బాబు ఎలా ఉన్నాడు? పడ్డప్పటి నుంచి తలనొప్పి అన్నాడా, వెలుతురు చూస్తే చిరాకు పడుతున్నాడా, ఎప్పుడూ లేనిది పగలు నిద్రపోతున్నాడా, హోంవర్క్ దగ్గర కూర్చుంటే మనసు నిలవడం లేదా, చిన్న మాటకే కోపం, ఏడుపు వస్తున్నాయా గమనించండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పిల్లల డాక్టరుకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏమీ కనిపించకపోయినా ఒకసారి ఫోన్ చేయమనే నేనంటాను. "కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు" అని మీరు రాసిన ఆ ఒక్క మాట డాక్టరుకి తెలియాలి. కన్కషన్, అంటే తలకు తగిలిన దెబ్బ వల్ల మెదడు పనితీరు కొంతకాలం దెబ్బతినడం, చాలాసార్లు స్కాన్‌లో కనిపించదు, లక్షణాలను బట్టే డాక్టర్లు గుర్తుపడతారు. ఆ లక్షణాలు కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి గాని బయటపడవు.

మళ్లీ మళ్లీ వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, ఒక కంటి పాప పెద్దగా మరొకటి చిన్నగా ఉండటం, మూర్ఛ, లేపినా సరిగ్గా లేవకపోవడం, ఇలాంటివి ఉంటే ఫోన్లో సలహా అడుగుతూ కూర్చోకండి. 911కి ఫోన్ చేయండి, లేదా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మిమ్మల్ని భయపెట్టాలని ఇవన్నీ రాయడం లేదు. 2009 మార్చిలో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలోని మోంట్ ట్రెంబ్లాంట్‌లో కొత్తగా నేర్చుకునేవాళ్ల వాలు మీద పడ్డారు. హెల్మెట్ లేదు. పడ్డాక మామూలుగానే మాట్లాడారు, వైద్యం అక్కర్లేదన్నారు. సుమారు గంట తర్వాత తలనొప్పి మొదలైంది. రెండు రోజులకు చనిపోయారు. పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తం చేరడం వల్ల జరిగిన మరణం అది. అలాంటివి అరుదు. కానీ లేచి నవ్వుతూ మాట్లాడాడు కాబట్టి ఏమీ కాలేదని అనుకోకూడదని అప్పటి నుంచి స్కీయింగ్ చేసే ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాల్సింది.

డాక్టరు కన్కషన్ అంటే, ముందు స్కూలు పని ఇబ్బంది లేకుండా చేసుకోగలగాలి, తర్వాత తేలికపాటి నడక, ఆ తర్వాతే మెల్లగా ఆటలు. డాక్టరు సరే అనేదాకా మంచు మీదికి వద్దు. మొదటి దెబ్బ నుంచి మెదడు కోలుకోకముందే రెండోది తగిలితే నష్టం చాలా ఎక్కువ. సీజన్ పాస్ డబ్బులు పోతాయనే ఆలోచన ఇక్కడ పెట్టుకోకండి.

ఇక హెల్మెట్. దాని పని అయిపోయింది, పక్కన పెట్టేయండి. మీవారు అన్న "పగలలేదు కదా" అనే మాట చాలా ఇళ్లలో వినిపించేదే, ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. ఏ వస్తువైనా పగిలితేనే పాడైనట్టు లెక్క అని మనకు అలవాటు. హెల్మెట్ విషయంలో మాత్రం ఆ లెక్క సరిపోదు. పగలడానికి ముందే దాని పని పూర్తయిపోతుంది.

ఎందుకో చెబుతాను. పైన కనిపించే డొప్ప తలను కాపాడే అసలు భాగం కాదు. అది కొమ్మలు, రాళ్లు గుచ్చుకోకుండా ఆపుతుంది, దెబ్బను కొంచెం వెడల్పుగా పరుస్తుంది. తలను కాపాడేది లోపలున్న సుమారు రెండు సెంటీమీటర్ల మందం తెల్లని, కొన్నింటిలో నల్లని, నురుగు పొర. దాని పేరు ఈపీఎస్, అంటే మనం థర్మాకోల్ అనేదే. టీవీ పెట్టెలో వచ్చే థర్మాకోల్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. నొక్కిన చోట గుంట పడుతుంది, వేలు తీసినా పైకి లేవదు. హెల్మెట్‌లోది అంతకన్నా చిక్కగా, లెక్కప్రకారం చేసిందే అయినా స్వభావం అదే. తల తగిలినప్పుడు ఆ పొరలోని సన్నని గాలి గదులు నలిగిపోతాయి. అవి నలిగే ఆ కాస్త దూరంలో, ఆ కొన్ని మిల్లీసెకన్లలో తల మెల్లగా ఆగుతుంది. నలగడమే దాని పని. ఒకసారి నలిగిన చోట మళ్లీ నలగడానికి ఏమీ మిగలదు. రెండోసారి అక్కడే తగిలితే ఆ దెబ్బ చాలావరకు నేరుగా తలకే వెళ్తుంది.

మరి పైకి ఎందుకు కనిపించదు? ఎందుకంటే డొప్ప ప్లాస్టిక్, వంగి మళ్లీ తన రూపానికి వచ్చేస్తుంది. లోపలి నురుగు మాత్రం రాదు. చాలా హెల్మెట్లలో పల్చటి పాలికార్బొనేట్ డొప్పను నురుగుతో కలిపి ఒకే అచ్చులో పోస్తారు. తేలికగా ఉంటాయి, సొట్ట పడితే కొంతైనా తెలుస్తుంది. ఇంకో రకంలో ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ డొప్ప విడిగా చేసి లోపల నురుగు అతికిస్తారు. ఇవి రోజువారీ వాడకానికి గట్టివి, రెంటల్ షాపుల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. కానీ వీటిలోనే నష్టం బాగా దాక్కుంటుంది. పైన చిన్న గీత, లోపల నలిగిన నురుగు. మీరు చెప్పినట్టే.

"మామూలుగా నిలబడ్డవాడు పడ్డాడు, వేగంగా పోయి చెట్టుకు కొట్టుకోలేదు కదా" అని కూడా మీవారు అనొచ్చు. అమెరికాలో స్కీ హెల్మెట్లకు వాడే ఏఎస్‌టీఎం ఎఫ్2040 ప్రమాణంలో, హెల్మెట్ తొడిగిన లోహపు తల నమూనాను 2 మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మ మీద పడేస్తారు. అంటే తాకే వేగం గంటకు సుమారు 22 కిలోమీటర్లు. యూరప్ ప్రమాణం ఈఎన్ 1077లో ఎత్తు 1.5 మీటర్లు, వేగం 20 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఇప్పుడు మీ బాబు సంగతి చూడండి. 11 ఏళ్ల పిల్లవాడి తల నేల నుంచి దాదాపు 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కాళ్లు ముందుకు జారిపోయి వెల్లకిలా పడితే, ఆ తల నేలను తాకే వేగం ఈ పరీక్షల వేగానికి ఎంతో దూరంలో లేదు. మంచు ఇనుము కాదు, నిజమే. చేతులు, వీపు ముందు తగిలి కొంత వేగం తగ్గి ఉండొచ్చు, అదీ నిజమే. కానీ తూర్పు తీరపు కొండల మీద పగలు కరిగి రాత్రి గడ్డకట్టే మంచు, కొలరాడోలోనో యూటాలోనో ఉండే పొడి మంచులా మెత్తగా ఉండదు, రాయిలా ఉంటుంది. అందుకే వెల్లకిలా పడి తల వెనుక తగలడాన్ని నేను చిన్న దెబ్బగా లెక్కించను.

ఇదే లెక్కలో ఇంకో విషయం కూడా ఉంది. పెద్దవాళ్లు స్కీయింగ్‌లో గంటకు 40 కిలోమీటర్ల వేగం తేలికగా దాటుతారు. ఆ వేగంతో చెట్టుకో లిఫ్ట్ స్తంభానికో తల తగిలితే కొత్త హెల్మెట్ కూడా చేయగలిగింది కొంతే. ఫార్ములా వన్ కారు రేసర్ మైకేల్ షూమాకర్ 2013 డిసెంబరు 29న ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో బండలకు తగిలినప్పుడు హెల్మెట్ పెట్టుకునే ఉన్నారు. పిల్లలకి హెల్మెట్ పెడుతూ పెడుతూ వేగం గురించీ, చెట్లకు దూరంగా ఉండటం గురించీ చెప్పడం మానొద్దు.

అయితే ప్రతి చిన్న తాకిడికీ హెల్మెట్ మార్చాలా అంటే, అక్కర్లేదు. చేతిలోంచి జారి వంటింటి నేల మీద పడింది, కారు డిక్కీలో దొర్లింది, లిఫ్ట్ ఎక్కేటప్పుడు సేఫ్టీ బార్ వచ్చి టక్కుమని తగిలింది, ఇలాంటివాటికి కంగారు వద్దు. ఖాళీ హెల్మెట్ బరువు అర కిలో ఉంటుందేమో. అది ఒక్కటే పడితే నురుగును నలిపేంత శక్తి ఉండదు. లోపల నాలుగైదు కిలోల తల ఉండి, ఆ తల బరువు నురుగును అటు నుంచి, నేల ఇటు నుంచి నొక్కినప్పుడే అసలు నష్టం. కాబట్టి నేను పెట్టుకున్న కొలమానం ఇది: హెల్మెట్ తల మీద ఉండగా తగిలిందా? తగిలినప్పుడు తల ఒక్క క్షణమైనా దిమ్మెక్కిందా, నొప్పి వచ్చిందా, లేక చూసినవాళ్లు "అయ్యో" అనుకునేలా పడ్డారా? ఔననుకుంటే దాన్ని మార్చేయాలి. లోపల చూసి ఏమీ కనిపించకపోయినా సరే. మీ బాబు తల పట్టుకుని కూర్చున్నాడంటేనే జవాబు వచ్చేసింది.

అనుమానంగా ఉన్న సందర్భాల్లో మాత్రం చూడటం ఉపయోగమే. లోపలి మెత్తలన్నీ ఊడదీయండి, చాలావాటికి వెల్క్రో ఉంటుంది, లాగితే వచ్చేస్తాయి. కిటికీ దగ్గర పట్టుకుని నురుగు మొత్తం మెల్లగా తిప్పుతూ చూడండి. సన్నని బీటలు, ఒకచోట మాత్రం నునుపుగా మెరుస్తూ అణిగినట్టుండటం, నురుగు డొప్ప నుంచి విడిపోయి సందు కనిపించడం, వేలితో మెల్లగా నొక్కితే ఒకచోట మిగతా చోట్లకన్నా మెత్తగా ఉండటం, ఇవి చూడాలి. రెండు చేతులతో పక్కల నుంచి కొంచెం నొక్కితే కిర్రుమని చప్పుడొచ్చినా మంచిది కాదు. బకిల్ పదిసార్లు పెట్టి తీయండి, ఒక్కసారి జారినా దాన్ని నమ్మొద్దు. పట్టీ అంచులు పోగులు లేచాయేమో, వెనుక బిగించే చక్రం పళ్లు జారుతున్నాయేమో చూడండి. లోపల పసుపు పచ్చని పల్చటి పొర, అంటే మిప్స్ ఉంటే, అది అటూ ఇటూ ఒక సెంటీమీటరు దాకా కదలాలి. దాన్ని పట్టి ఉంచే చిన్న రబ్బరు ముక్కలు తెగి ఉండకూడదు. ఆ పొర పని అదే, తల ఏటవాలుగా తగిలినప్పుడు హెల్మెట్‌ను కొంచెం తిరగనిచ్చి మెదడుకు తగిలే మెలిపెట్టే శక్తిని తగ్గించడం. స్వీడన్‌లో ఒక న్యూరోసర్జన్, ఒక ఇంజినీరింగ్ పరిశోధకుడు కలిసి మొదలుపెట్టిన ఆలోచన ఇది. ఈ చూపులో ఏదైనా కనిపిస్తే మార్చాల్సిందే. ఏమీ కనిపించలేదంటే మాత్రం బాగుందని కాదు. ఇంట్లో కూర్చుని కంటితో "ఇది క్షేమం" అని తేల్చే మార్గం ఎవరికీ లేదు.

కొన్ని హెల్మెట్లలో ఈపీపీ అనే వేరే నురుగు వాడతారు. అది నలిగినా మెల్లగా పైకి లేస్తుంది, చాలా చిన్న దెబ్బలను పదేపదే తట్టుకుంటుంది. మీ హెల్మెట్ ఏ రకమో లోపలి స్టిక్కర్ మీదో కాగితంలోనో రాసి ఉంటుంది. అలాంటిదైనా గట్టి దెబ్బ తర్వాత మార్చమనే నేను చెబుతాను.

ఇప్పుడు ఆ 3 నుంచి 5 ఏళ్ల మాట. దీనిలో కంపెనీల వ్యాపారం అస్సలు లేదని నేననను. పాత సైకిల్ హెల్మెట్లను సేకరించి పరీక్షించినప్పుడు, కేవలం వయసు వల్ల ఈపీఎస్ నురుగు బలహీనపడినట్టు కనిపించలేదు. సైకిల్ హెల్మెట్ల విషయంలో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ, కంపెనీ వేరేలా చెప్పకపోతే 5 నుంచి 10 ఏళ్లకు మార్చమంటుంది. కాబట్టి నాలుగేళ్ల పుట్టినరోజు దాటగానే మీ హెల్మెట్ ఒక్కసారిగా పనికిరాకుండా పోతుందని భయపడనక్కర్లేదు.

కానీ హెల్మెట్ అంటే నురుగు ఒక్కటే కాదు. జిగురు, పట్టీ, బకిల్, మెత్తలు, సర్దుబాటు చక్రం, ఇవన్నీ అరుగుతాయి. 1956లో ఒక పోటీలో చనిపోయిన కారు రేసర్ పీట్ స్నెల్ పేరున మరుసటి ఏడాది ఏర్పడిన, హెల్మెట్లకు ప్రమాణాలు పెట్టే స్నెల్ ఫౌండేషన్ కూడా 5 ఏళ్లకు మార్చమనే చెబుతుంది. జుట్టు నూనెలు, చెమట, సౌందర్య సాధనాలు, జిగుర్ల వంటివన్నీ కలిసి హెల్మెట్ పదార్థాలను దెబ్బతీస్తాయని, మామూలు వాడకంలో అరుగుదల కూడా ఉంటుందని వాళ్ల కారణం. మన ఇళ్లలో తలకు నూనె రాసుకునే అలవాటు ఉంది కాబట్టి ఇది మనకు మరీ వర్తిస్తుంది. స్కీయింగ్ రోజున తల పొడిగా ఉంచుకోండి. మెత్తలు తీసి తేలికపాటి సబ్బు నీళ్లతో ఉతికి నీడలో ఆరబెట్టండి. స్పిరిట్, థిన్నర్, పెట్రోలు వంటివి దగ్గరికి రానివ్వకండి, నురుగు కరిగిపోతుంది. పిల్లలు ముచ్చటపడి అంటించే స్టిక్కర్ల జిగురు, రంగుల స్ప్రేలు కూడా కొన్ని డొప్పలకు పడవు, ముందు కాగితం చూడండి. తడిసిన హెల్మెట్‌ను హీటరు మీదో లాడ్జిలో మంట పక్కనో పెట్టకండి. వేసవి అంతా కారు డిక్కీలో వదిలేయడం మరీ చెడ్డది. జూలైలో మూసిన కారు లోపలి వేడి మీకు తెలియనిది కాదు. ఇంట్లో అలమరలో, ఎండ తగలని చోట పెట్టండి.

తయారైన తేదీ మెత్తల కింద స్టిక్కర్ మీద ఉంటుంది. మీరు కొన్న తేదీ కాదు, ఆ తేదీ చూడాలి. ఏడాదికి అయిదారు రోజులు వెళ్లే మీలాంటి కుటుంబం, హెల్మెట్‌ను బాగా చూసుకుంటూ, దెబ్బేమీ తగలకుండా ఉంటే 5 ఏళ్ల దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. ఆ తర్వాత పట్టీలు, మెత్తలు అన్నీ బాగున్నా మార్చేయడానికి ఆలోచించండి. పదేళ్లది అయితే ఆలోచన కూడా అక్కర్లేదు. వారానికి నాలుగు రోజులు కొండ మీదే ఉండే ఇన్‌స్ట్రక్టర్లు, రేసింగ్ పిల్లలు అంతకన్నా చాలా ముందే మార్చాలి.

మీ ఫ్రెండ్ వాళ్ల అమ్మాయి హెల్మెట్ విషయానికి వస్తే, స్నేహితురాలిని అడగడానికి మొహమాటపడకండి. ఇది ఎప్పుడు కొన్నారు, ఎవరైనా పడ్డారా, వేసవిలో ఎక్కడ ఉంచారు, ఇంతకుముందు ఇంకెవరైనా వాడారా అని అడగండి. ఆవిడే కొత్తది కొని, వాళ్ల పిల్ల మాత్రమే రెండేళ్లు వాడి, ఎప్పుడూ తల తగల్లేదని ఖచ్చితంగా చెప్పగలిగితే తీసుకోండి, తప్పేమీ లేదు. "ఏమో, గుర్తులేదు" అన్నారంటే, నవ్వుతూ వద్దని చెప్పండి. గరాజ్ సేల్‌లో, ఆన్‌లైన్‌లో దొరికే పాత హెల్మెట్లు కూడా ఇందుకే వద్దు. ప్యాంట్లు, బూట్లు, జాకెట్లు, స్కీలు పాతవి తీసుకోండి, డబ్బు బాగా ఆదా అవుతుంది. హెల్మెట్ దగ్గర మాత్రం దాని చరిత్ర తెలియకపోతే తీసుకోవద్దు.

పాప విషయంలో ఇంకొక మాట, ఎందుకంటే మన వాళ్లలో ఈ పొరపాటు బాగా చూస్తుంటాను. "పెరుగుతుంది కదా" అని ఒక సైజు పెద్దది కొంటాం. చెప్పులూ స్వెటర్లూ అలా కొన్నా పరవాలేదు. వదులు హెల్మెట్ పడేటప్పుడు వెనక్కి జారి నుదురు బయటపడుతుంది. ఆరేడేళ్లు దాటిన పిల్లల తల చాలా నెమ్మదిగా పెరుగుతుంది, సరైన సైజు కొన్నా రెండు మూడు సీజన్లు వస్తుంది. కుట్టుపని టేపు తీసుకుని కనుబొమల పైన సుమారు ఒక వేలు ఎత్తులో, తల వెనుక ఉబ్బెత్తు మీదుగా చుట్టి సెంటీమీటర్లలో కొలవండి. పెట్టాక, పట్టీ కట్టకుండానే తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కదలాలి, హెల్మెట్ ఒక్కటే తిరగకూడదు. గాగుల్స్‌కీ హెల్మెట్ అంచుకీ మధ్య నుదురు కనిపించకూడదు. గడ్డం కింద పట్టీలో ఒకటి రెండు వేళ్లే పట్టాలి. లోపల మందపాటి ఉన్ని టోపీ పెట్టొద్దు, అది సైజునే మార్చేస్తుంది. కావాలంటే తల, మెడ కప్పే పల్చటి ముసుగు, అంటే బాలక్లావా చాలు. పాపకు జుట్టు ఒత్తుగా ఉంటే నడినెత్తిన పిలక, కొప్పు వద్దు. మెడ దగ్గర కిందగా ఒక జడ, లేదా రెండు జడలు వేయండి. బాబుది పాపకి ఎలాగూ ఇవ్వకూడదు, దెబ్బ తిన్నది తమ్ముడికైనా చెల్లికైనా దెబ్బ తిన్నదే. ఒకవేళ అది బాగున్నా సైజు సరిపోతేనే ఇవ్వాలి.

ఇంట్లో సైకిల్ హెల్మెట్ ఉంది కదా, దాంతో సరిపెట్టవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. స్కీయింగ్‌కి సరైనది కాదు. స్కీ హెల్మెట్ తల వెనుక ఇంకా కిందికి దిగుతుంది, చెవులను కప్పుతుంది, గాగుల్స్ పట్టీకి చోటు ఉంటుంది, గడ్డకట్టే చలిలో ఉంచి కూడా దాన్ని పరీక్షిస్తారు. రెండు ప్రమాణాలకూ సరిపోయేవి కొన్ని ఉన్నాయి, కొనేటప్పుడు లోపల రెండు ప్రమాణాల పేర్లూ ఉన్నాయో లేదో చూడండి. మీరు న్యూజెర్సీలోనే వెర్నన్‌లోని మౌంటెన్ క్రీక్‌కి వెళ్తే 18 ఏళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి, 2011 నుంచి ఆ నియమం ఉంది. పెన్సిల్వేనియాలో అలాంటి చట్టం లేకపోయినా మీరు పెడుతున్నారు, సంతోషం. మీరూ మీవారూ కూడా పెట్టుకుంటున్నారని అనుకుంటాను. పిల్లలు మనం చెప్పింది కాదు, మనం చేసేది చూసి నేర్చుకుంటారు.

కొత్తది కొనేటప్పుడు ధర చూసి భద్రతను అంచనా వేయొద్దు. 200 డాలర్లది 80 డాలర్లదాని కన్నా రెండింతలు కాపాడదు. ఎక్కువ డబ్బు చాలావరకు తేలికదనానికి, గాలి మార్గాలకు, పేరుకు పోతుంది. లోపల ఏఎస్‌టీఎం ఎఫ్2040 గానీ, ఈఎన్ 1077 గానీ రాసి ఉండాలి. ఈఎన్‌లో 'ఏ' (A) తరగతి అంటే చెవుల మీద కూడా గట్టి డొప్ప ఉన్నది, బీ తరగతి అంటే చెవుల దగ్గర మెత్తగా ఉండేది. రేసింగ్ చేయని పిల్లలకు బీ చాలు. వర్జీనియా టెక్ యూనివర్సిటీ వాళ్లు సొంతంగా పరీక్షించి నక్షత్రాల రేటింగ్ ఇస్తారు, వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఆ జాబితాలో తక్కువ ధరవి కూడా మంచి రేటింగ్‌తో ఉంటాయి. పేరు తెలియని అమ్మకందారు నుంచి మరీ చౌకగా వచ్చే హెల్మెట్లకు దూరంగా ఉండండి, ప్రమాణాలకు తగని హెల్మెట్ల గురించి సీపీఎస్‌సీ హెచ్చరికలు ఇస్తూనే ఉంటుంది. మీ దగ్గరున్న మోడల్ ఏదైనా వెనక్కి పిలిపించారేమో కూడా వాళ్ల సైట్‌లో వెతకండి. బాబు హెల్మెట్ కంపెనీకి ఒక ఈమెయిల్ రాయండి. పడి దెబ్బతిన్న హెల్మెట్ ఫొటో, కొన్న రసీదు పంపితే కొత్తదాని మీద తగ్గింపు ఇచ్చే పథకం కొన్ని కంపెనీలకు ఉంది. ఆ 120 డాలర్లు పూర్తిగా పోయినట్టు మీవారికి అనిపించకుండా ఉండటానికి అదొక దారి. నిజానికి ఆ డబ్బు శనివారమే ఖర్చయింది, బాబు తల మీద. సీజన్ చివర్లో, మార్చి, ఏప్రిల్‌లో ధరలు బాగా తగ్గుతాయి, పాపకి వచ్చే ఏటికి అప్పుడు కొనండి. బాబుకి మాత్రం మళ్లీ వెళ్లే ముందే కావాలి. ఈలోగా ఒక ట్రిప్పుకి వెళ్లాల్సి వస్తే రెంటల్ షాపులో తీసుకోండి, కానీ ఇచ్చింది పెట్టేసుకోకుండా, పైన నేను చెప్పినట్టు మెత్తలు ఎత్తి చూసి, నచ్చకపోతే ఇంకొకటి అడగండి. అది మీ హక్కు.

ఇక మీ తమ్ముడు. అమ్మా, ఆ హెల్మెట్ దయచేసి హైదరాబాద్ పంపకండి. మంచి మనసుతోనే అనుకున్నారని తెలుసు. అక్క అమెరికా నుంచి పంపిందంటే అతను దాన్ని గట్టిగా నమ్మి పెట్టుకుంటాడు. మీ బాబు తలకు వద్దనుకున్నది అతని తలకు ఎలా ఇస్తారు? గుల్మర్గ్‌లో గొండోలా (కేబుల్ కార్) రెండో దశ 3,900 మీటర్లు దాటిన ఎత్తుకు తీసుకెళ్తుంది, అక్కడి నుంచి దిగే దారులు కొత్తవాళ్లకు సంబంధించినవి కావు, వైద్య సహాయం కూడా కొండ మీద వెంటనే అందదు. కొత్తవాళ్లు కింద మెల్లని వాలుల మీద ఇన్‌స్ట్రక్టర్‌తో నేర్చుకోవాలి, అక్కడ కూడా హెల్మెట్ ఉండాలి. అక్కడ అద్దెకు తీసుకుంటే లోపల ప్రమాణం పేరు ఉందా, బకిల్ నిలుస్తుందా, నురుగులో బీటలు ఉన్నాయా చూసి తీసుకోమనండి. "నా బైక్ హెల్మెట్ ఉంది, ఐఎస్ఐ మార్కుది" అంటాడేమో. అది రోడ్డుకు మంచిదే, కానీ బరువు, మెడకు భారం, పక్కలకు సరిగ్గా కనపడదు, వెనుక నుంచి వచ్చేవాళ్ల కేక వినపడదు, గాగుల్స్ కుదరవు. జనవరిలో ఇక్కడి నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. అతని తల చుట్టుకొలత ఫోన్లో కనుక్కుని, మామూలు కొత్త హెల్మెట్ ఒకటి వాళ్ల చేతికి ఇచ్చి పంపండి. బ్యాగులో బట్టల మధ్య పెట్టమనండి, పైన బరువులు వేయకుండా.

బాబు పాత హెల్మెట్‌ను డొనేషన్ పెట్టెలో వేయకండి, చూడటానికి బాగుంది కాబట్టి ఎవరో ఒకరు తీసుకుని పెట్టుకుంటారు. కత్తెరతో పట్టీలు రెండు వైపులా కత్తిరించి, నురుగు మీద మార్కర్‌తో "దెబ్బతిన్నది" అని ఇంగ్లిష్‌లో రాసి అప్పుడు చెత్తలో వేయండి. వేసే ముందు కంపెనీకి పంపడానికి ఫొటోలు తీసుకోవడం మరిచిపోకండి. బాబు డాక్టరు ఏమన్నారో వీలైతే రెండు ముక్కలు రాయండి.